ఆర్మీ ఇచ్చిన ఓటీహెచ్ (అదర్ దేన్ ఆనరబుల్, అంటే గౌరవప్రదం కాని) డిశ్చార్జి మార్పించుకోవచ్చా? సంతకం పెట్టి దాదాపు ఆరేళ్లవుతోంది

ఖమ్మం_టు_టెక్సస్ · 11 ఫిబ్రవరి 2024

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. ఇంట్లో ఎవరికీ చెప్పని విషయం కాబట్టి పేరు, యూనిట్ రాయను.

2012లో ఎమ్మెస్ చదవడానికి టెక్సస్ వచ్చాను. 2014లో మావ్నీ ప్రోగ్రాం (సైన్యానికి అవసరమైన భాషలు వచ్చిన విదేశీయుల్ని చేర్చుకునే పథకం) కింద, హిందీ వచ్చినందుకు అమెరికా ఆర్మీలో తీసుకున్నారు. ఫోర్ట్ జాక్సన్‌లో బేసిక్ ట్రైనింగ్ అయిపోయేటప్పుడే సిటిజన్‌షిప్ ప్రమాణం కూడా అయింది. ఆ రోజు యూనిఫాంలో తీసిన ఫొటో అమ్మ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

నాది సప్లై పని. 2016లో అఫ్గానిస్తాన్‌లోని బాగ్రామ్ పంపారు. నవంబర్ 12 పొద్దున్నే వెటరన్స్ డే పరుగు కోసం జనం చేరుతున్న చోట ఆత్మాహుతి దాడి జరిగింది. నేను కొంచెం దూరంలో ఉన్నాను. దెబ్బలు తగిలినవాళ్లని మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. దాని గురించి ఇంతకన్నా రాయలేను. రెండు నెలలకి నాన్న పోయారు. రెడ్ క్రాస్ ద్వారా కబురొచ్చింది, వెంటనే సెలవిచ్చారు. అయినా చిన్న కర్మ నాటికి గానీ చేరలేకపోయాను. పెద్దకొడుకుని నేనుండగా తలకొరివి తమ్ముడు పెట్టాడు.

టెక్సస్ తిరిగొచ్చాక తాగుడు మొదలైంది, తర్వాత గంజాయి. 2017 సెప్టెంబర్‌లో యూరిన్ టెస్టులో దొరికాను. ఆర్టికల్ 15 (కోర్టు లేకుండా కమాండరే వేసే శిక్ష) ఇచ్చి ర్యాంకు తగ్గించారు. 2018 జనవరిలో, నాన్న సంవత్సరీకం వారంలో, చెప్పకుండా వెళ్లిపోయి 19 రోజులు ఒక మోటెల్‌లో పడి ఉన్నాను. తిరిగి నా అంతట నేనే వచ్చాను. మళ్లీ టెస్టు, మళ్లీ పాజిటివ్. చాప్టర్ 14 కింద, అంటే తప్పు ప్రవర్తన కారణంగా, పంపించేస్తామన్నారు. బోర్డు ముందు నిలబడి చెప్పుకునే హక్కు ఉందని కూడా చెప్పారు. నాకేమీ వద్దని సంతకం పెట్టేశాను. మే 2018లో 'అదర్ దేన్ ఆనరబుల్' అని డీడీ 214 (సర్వీసు అయిపోయినప్పుడు ఇచ్చే కాగితం) చేతికొచ్చింది.

ఆరు నెలలకి అదే మారిపోతుందని బ్యారక్స్‌లో అందరూ అనేవాళ్లు. మారలేదు. నర్సింగ్ చదువుదామంటే జీఐ బిల్ (మాజీ సైనికులకి ప్రభుత్వమిచ్చే చదువు ఖర్చు) రాదు. పోయిన నెల ఒక మంచి ఉద్యోగం ఆఫర్ ఇచ్చి, డీడీ 214 చూశాక వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడొకతను 8 వేల డాలర్లిస్తే గ్యారంటీగా ఆనరబుల్ చేయిస్తానంటున్నాడు. కట్టమంటారా?

వేపచెట్టు · 11 ఫిబ్రవరి 2024

కట్టకండి. ముందు ఈ మాట చదివి, మిగతాది తర్వాత చదవండి.

నేను ఒక లా కాలేజీలో వెటరన్ల (మాజీ సైనికుల) ఉచిత న్యాయసహాయ క్లినిక్‌లో వాలంటీరుగా పనిచేస్తున్నాను, లాయర్ని కాదు. గ్యారంటీ ఇవ్వగలిగినవాళ్లు ఈ దేశంలో లేరు. అప్లికేషన్‌కి ఫీజే లేదు. డీడీ 293 అనే ఫారం నింపి ఆర్మీ డిశ్చార్జి రివ్యూ బోర్డుకి పంపాలి, ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు. డిశ్చార్జి అయిన రోజు నుంచి 15 ఏళ్ల వరకు గడువు. అంటే మీకు మే 2033 దాకా ఉంది. ఆ గడువు దాటినవాళ్లూ, జనరల్ కోర్ట్ మార్షల్ (సైనిక కోర్టు)లో శిక్ష పడి బయటికొచ్చినవాళ్లూ వేరే బోర్డుకి, డీడీ 149 మీద వెళ్లాలి. మీకు ఆ అవసరం ఇప్పుడు లేదు.

ఆరు నెలలకి దానంతట అదే మారడమన్నది ఎప్పుడూ లేదు. ఆ మాట నమ్మి పదేళ్లు ఊరికే కూర్చున్నవాళ్లని చూశాను, ఎంత బాధేస్తుందో చెప్పలేను.

అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ, డీఏవీ లాంటి మాజీ సైనికుల సంఘాల్లో ఉచితంగా సాయం చేసే సర్వీస్ ఆఫీసర్లుంటారు. మీ కౌంటీలోనూ ఉంటారు. లా కాలేజీల క్లినిక్‌లు, నేషనల్ వెటరన్స్ లీగల్ సర్వీసెస్ ప్రోగ్రాం కూడా డబ్బు తీసుకోకుండా కేసులు చేస్తాయి.

అన్నిటికన్నా ముందు మీ రికార్డులు తెప్పించుకోండి. మొత్తం సర్వీసు ఫైలు, డిశ్చార్జి ప్యాకెట్, మెడికల్ రికార్డులు. ఎస్ఎఫ్ 180 అనే ఫారం నింపి పంపితే వస్తాయి. అవి చదవకుండా ఒక్క వాక్యం కూడా రాయొద్దు.

సార్జెంట్_న్యూజెర్సీ · 12 ఫిబ్రవరి 2024

నేను ఇక్కడే పెరిగాను, 12 ఏళ్లు ఆర్మీలో చేశాను, రెండుసార్లు ఇరాక్ వెళ్లాను. తమ్ముడూ, నీకు కష్టంగా ఉన్నా చెప్తాను. నా స్క్వాడ్‌లో నాన్న పోయినవాళ్లున్నారు, స్నేహితుణ్ణి కళ్లముందు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లు పొద్దున్నే ఫార్మేషన్‌కి (హాజరు వరసకి) వచ్చారు. నువ్వు రాని 19 రోజులూ నీ పని ఇంకొకడు చేశాడు. బోర్డు హక్కు వద్దని సంతకం పెట్టింది నువ్వే. ఆనరబుల్ అన్న మాటకి ఒక విలువుంది, దాన్ని కాపాడుకున్నవాళ్లున్నారు. అప్లై చేయొద్దనను. కానీ నాకు అన్యాయం జరిగిందని రాస్తే మాత్రం నేను ఒప్పుకోను.

పెన్నాతీరం · 12 ఫిబ్రవరి 2024

బ్రో, నాకు వేరే టెన్షన్. మిలిటరీ ద్వారా సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు ఐదేళ్లలోపు ఓటీహెచ్‌తో బయటికొస్తే సిటిజన్‌షిప్ తీసేయొచ్చని రూలుంది కదా. నీ సర్వీసు మూడున్నరేళ్లే. ఇప్పుడు అప్లికేషన్ పెట్టి వాళ్లకి గుర్తుచేయడం ఎందుకు? గమ్మునుండటమే మేలు.

వేపచెట్టు · 12 ఫిబ్రవరి 2024

పెన్నాతీరం గారు చెప్పిన రూలు నిజమే, దాన్ని దాచిపెట్టడం మంచిది కాదు. ఇమిగ్రేషన్ చట్టం 329 సెక్షన్‌లో ఉంది. మొత్తం ఐదేళ్లు గౌరవంగా సర్వీసు చేయకముందే అదర్ దేన్ ఆనరబుల్ పరిస్థితుల్లో బయటికొస్తే, ఆ సర్వీసు మీద ఇచ్చిన పౌరసత్వాన్ని రద్దు చేయొచ్చు. 'చేయొచ్చు' అని ఉంది, 'చేయాలి' అని లేదు. అది కూడా ఒక ఆఫీసులో ఎవరో కాగితం మీద కొట్టేసేది కాదు, ఫెడరల్ కోర్టుకి వెళ్లి సాధించాలి.

కానీ దీన్నుంచి నేను తీసుకునే అర్థం వేరు. డిశ్చార్జి కనీసం 'జనరల్, అండర్ ఆనరబుల్ కండిషన్స్'కి (ఆనరబుల్‌కి ఒక మెట్టు కింది దానికి) మారితే ఆ క్లాజు వర్తించదు. గమ్మునుంటే ఆ కత్తి అలాగే వేలాడుతూ ఉంటుంది. పైగా రివ్యూ బోర్డు మీ డిశ్చార్జిని ఇప్పుడున్నదానికన్నా తగ్గించడానికి వీల్లేదు. అప్లై చేసేముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో గంట మాట్లాడండి. డబ్బు పెట్టాలనుకుంటే ఆ గంటకి పెట్టండి.

నిమ్మతోట · 13 ఫిబ్రవరి 2024

నేను సైకాలజిస్టుని, నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది వెటరన్లే. సార్జెంట్ గారూ, మీమీద గౌరవంతోనే అడుగుతున్నాను. అదే దెబ్బకి ఒకరి ఎముక విరుగుతుంది, ఇంకొకరిది విరగదు. విరిగినవాణ్ణి అందుకు తప్పుపడతామా?

తమ్ముడూ, నీకు రెండు విషయాలు. నవంబర్ 12 గురించి 'ఇంతకన్నా రాయలేను' అన్నావు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా? ఎప్పుడైనా బతకాలనిపించకపోతే 988కి ఫోన్ చేసి 1 నొక్కు, అది వెటరన్ల లైను. ఓటీహెచ్ ఉందని ఎవరూ ఫోన్ పెట్టేయరు. యుద్ధ ప్రాంతంలో సర్వీసు చేసినవాళ్లకి ఓటీహెచ్ ఉన్నా వీఏలో (మాజీ సైనికుల వ్యవహారాల శాఖలో) మానసిక వైద్యం పొందే దారి చట్టంలోనే ఉంది. వీఏ వాళ్లు మన డిశ్చార్జిని వాళ్లంతట వాళ్లు విడిగా పరిశీలించి నిర్ణయం తీసుకుంటారు, బోర్డుతో సంబంధం లేదు. ఎవరో కౌంటర్ దగ్గర నీకు రాదన్నా రాతపూర్వకంగా అప్లై చెయ్.

రెండోది, 2014లో అప్పటి రక్షణమంత్రి చక్ హేగెల్ ఒక మెమో ఇచ్చారు, పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక జబ్బు) ఉన్నవాళ్ల దరఖాస్తులని ఉదారంగా చూడమని. 2017 ఆగస్టులో అదే శాఖ నుంచి వచ్చిన కుర్టా మెమో దాన్ని ఇంకా స్పష్టం చేసింది. బోర్డు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. తప్పుని తగ్గించి చూడదగ్గ జబ్బుగానీ అనుభవంగానీ ఉందా, అది సర్వీసులో ఉన్నప్పటిదేనా, నిజంగా ఆ తప్పుకి దానికి సంబంధం ఉందా, డిశ్చార్జికి కారణమైనదాన్ని మించి అది తూగుతుందా. నీ సొంత మాట కూడా సాక్ష్యంగా తీసుకోవాలని అందులో ఉంది. నీకు ఎవరైనా డాక్టరు పీటీఎస్‌డీ అని రాసిచ్చారా?

ఖమ్మం_టు_టెక్సస్ · 13 ఫిబ్రవరి 2024

2021లో ఒక ప్రైవేటు డాక్టరు రాసిచ్చారక్కా. మందులు ఆరు నెలలు వాడి ఆపేశాను. నిద్ర గురించి అడిగారు. పడటం లేదు. ఇప్పుడు చావాలనైతే లేదు, ఒకప్పుడుండేది. నంబరు రాసి పెట్టుకున్నాను.

సార్జెంట్ అన్నా, మీరన్నది తప్పు కాదు. నా పని చేసింది ఎవరో కూడా నాకు తెలుసు. వాడి భార్యకి అప్పుడు నెలలు నిండాయి.

రిటైర్డ్_హవల్దార్_గిద్దలూరు · 15 ఫిబ్రవరి 2024

బాబూ, నేను ఇండియన్ ఆర్మీలో 24 ఏళ్లు చేసి వచ్చాను. మా అబ్బాయి ఆస్టిన్‌లో ఉంటాడు, వాడి ద్వారా ఇది చదువుతున్నాను. మీ దేశం రూల్స్ వేరు, అయినా ఒక మాట చెప్పాలనిపించింది.

మా దగ్గర నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు (శిక్ష పడినప్పుడు రికార్డులో ఎర్ర సిరాతో రాసేవి) పడితే చాలు, మనిషిని ఇంటికి పంపేసేవాళ్లు. తాగి దొరికావనీ, సెలవు దాటి వచ్చావనీ ఒక్కొక్కటే పడేది. 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో మన సుప్రీంకోర్టు, నాలుగు ఎంట్రీలు ఉన్నంత మాత్రాన పంపేయకూడదనీ, విచారణ జరపాలనీ, ఎన్నేళ్లు చేశాడో, ఎంత కష్టమైన చోట్ల చేశాడో చూడాలనీ చెప్పింది. ఆ తీర్పు తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్లి గెలిచినవాళ్లున్నారు.

మా పక్కూరాయన ఒకడు ఉండేవాడు, పదమూడేళ్లు చేసి ఇలాగే వచ్చేశాడు. ఊళ్లో అడిగితే వాలంటరీగా వచ్చేశానని చెప్పేవాడు. సిగ్గుతో ఎక్కడా అర్జీ పెట్టలేదు. పోయేదాకా అదే మాట చెప్పాడు. ఆయన భార్య ఇప్పుడు కూలికి వెళ్తోంది. నువ్వు అర్జీ పెట్టు.

ఖమ్మం_టు_టెక్సస్ · 9 జూన్ 2024

రికార్డులు వచ్చాయి. మూడు రోజులు కవరు విప్పలేదు.

నవంబర్ 2016కి ముందు నా ఫైల్లో ఒక్క చెడ్డ కౌన్సెలింగ్ కాగితం (తప్పు చేస్తే పైవాళ్లు రాసిచ్చే హెచ్చరిక) లేదు. ఆగస్టులో ఆర్మీ అచీవ్‌మెంట్ మెడల్ కూడా ఉంది, నేనే మర్చిపోయాను. బాగ్రామ్ నుంచి వచ్చాక పది నెలల్లో ఏడు కాగితాలు. ఆలస్యం, ఆలస్యం, బూట్లు, ఆలస్యం, మద్యం వాసన. చదువుతుంటే ఎవరో వేరే మనిషి గురించి రాసినట్టుంది.

డిప్లాయ్‌మెంట్ నుంచి తిరిగొచ్చినప్పుడు నింపిన హెల్త్ ఫారం కూడా ఉంది. పీడకలలు వస్తున్నాయా అన్న ప్రశ్న దగ్గర 'లేదు' అని టిక్కు పెట్టి ఉంది. నా టిక్కే. ఆ రాత్రి కూడా నిద్రపోలేదు నేను. ఈ ఒక్క కాగితంతో నా కేసు పోయినట్టేనా?

సార్జెంట్_న్యూజెర్సీ · 9 జూన్ 2024

తమ్ముడూ, పోలేదు. ఆ ఫారం మీద 2005లో నేనూ 'లేదు' అనే టిక్కు పెట్టాను. 'అవును' అంటే ఇంకో రెండు వారాలు ఆపి డాక్టర్ల దగ్గర కూర్చోబెడతారని, ఇంటికి పోనివ్వరని భయం. మా ప్లటూన్‌లో దాదాపు అందరం అదే పెట్టాం. ఫిబ్రవరిలో నేను రాసిన మాటలు మళ్లీ చదువుకున్నాను. తప్పు తప్పే అంటాను ఇప్పటికీ. కానీ ఆ టిక్కు అబద్ధమని నాకు తెలుసు, ఎందుకంటే నాదీ అబద్ధమే.

అది ఎందుకు పెట్టావో ఉన్నదున్నట్టు రాయి. నీ స్క్వాడ్ లీడర్ని వెతికి పట్టుకో. 2016కి ముందు నువ్వెలా ఉన్నావో, తర్వాత ఎలా అయ్యావో అతనికన్నా బాగా చెప్పగలిగేవాళ్లు లేరు.

ఖమ్మం_టు_టెక్సస్ · 30 జూన్ 2024

స్టేట్‌మెంట్ మొదటి పేరా రాశాను. చూసి చెప్పండి.

'నన్ను అన్యాయంగా పంపించారు. నేను అఫ్గానిస్తాన్‌లో చూసినది ఎవరూ అర్థం చేసుకోలేదు. గంజాయి ఇప్పుడు ఎన్నో రాష్ట్రాల్లో నేరమే కాదు. నేను ఎవరికీ హాని చేయలేదు.'

వేపచెట్టు · 1 జూలై 2024

తీసేయండి. కోపంలో రాసింది అనిపిస్తోంది, చదివేవాళ్లకీ అలాగే అనిపిస్తుంది. 'ఎవరికీ హాని చేయలేదు' అన్నారు. నెలలు నిండిన భార్య ఉన్న ఆ సైనికుడి సంగతి ఫిబ్రవరిలో మీరే రాశారు. దాన్నుంచి మొదలుపెట్టండి. ఏం చేశారో తేదీలతో చెప్పండి, దాని పక్కనే అప్పుడు మీకేం జరుగుతోందో చెప్పండి. నవంబర్ 12, జనవరిలో నాన్నగారు, మొదటి కౌన్సెలింగ్ కాగితం, టెస్టు, సంవత్సరీకం, మోటెల్. ఈ తేదీలు వరసలో పెడితే సంబంధం వాళ్లకే కనబడుతుంది, మీరు వాదించక్కర్లేదు.

2018లో విల్కీ మెమో అని ఇంకొకటి వచ్చింది. జబ్బు సంగతి పక్కన పెట్టినా, తప్పు ఒప్పుకోవడం, పశ్చాత్తాపం, ఆ తర్వాత ఎలా బతికారు, ఎంతకాలమైంది, ఇవన్నీ చూడమంటుంది. 2018 నుంచి మీరు చేసిన ఉద్యోగాల వాళ్ల లెటర్లు, గుడిలోనో ఇంకెక్కడో చేసిన సేవ ఉంటే అవీ పెట్టండి. ముందు కాగితాల మీద రివ్యూ అడగండి. అది కుదరకపోతే తర్వాత హియరింగ్ (బోర్డుకి మీరే నోటితో చెప్పుకోవడం) అడగొచ్చు. హియరింగ్‌తో మొదలుపెడితే మళ్లీ కాగితాల రివ్యూకి రాలేరు.

ఇంకొకటి, పోయిన వారమే, జూన్ 25 నుంచి, వీఏ డిశ్చార్జి రూల్స్ మారాయి. తప్పు వెనకున్న పరిస్థితులని ఇప్పుడు ఇంకా విశాలంగా చూస్తారు. అక్కడా ఇప్పుడే అప్లై చేయండి.

నిమ్మతోట · 1 జూలై 2024

2021 డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లు తమ్ముడూ. 'పీటీఎస్‌డీ ఉంది' అన్న ఒక్క లైను చాలదు. ఎప్పటినుంచి ఉంది, తాగుడికీ, పారిపోవడానికీ దానితో ఏం సంబంధం అన్నది ఆయన మాటల్లో కావాలి. లెటరు కోసమే వెళ్లకు. మందులు మళ్లీ మొదలుపెట్టడానికి కూడా వెళ్లు.

ఖమ్మం_టు_టెక్సస్ · 18 ఆగస్టు 2024

నిన్న పంపించాను. మొత్తం 46 పేజీలు. స్క్వాడ్ లీడర్ దొరికాడు, ఇప్పుడు ఒహాయోలో ఉన్నాడు. ఫోన్ ఎత్తగానే 'నీ ఫోన్ కోసమే ఎదురుచూస్తున్నా' అన్నాడు. రెండు పేజీలు రాసిచ్చాడు. ఇమిగ్రేషన్ లాయరు కూడా అప్లై చేయమనే అన్నారు. నిద్రమందు పనిచేస్తోంది.

పెన్నాతీరం · 2 ఫిబ్రవరి 2025

బ్రో ఏమైంది? ఆ రోజు గమ్మునుండమన్నందుకు మనసులో పీకుతోంది.

ఖమ్మం_టు_టెక్సస్ · 3 ఫిబ్రవరి 2025

ఇంకా ఏమీ రాలేదు. రోజూ పోస్టు డబ్బా చూడటం మానేశాను, వారానికొకసారి చూస్తున్నాను. మీరన్నది మంచికే, ఆ క్లాజు సంగతి మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.

ఖమ్మం_టు_టెక్సస్ · 21 సెప్టెంబర్ 2025

వచ్చింది. 'జనరల్, అండర్ ఆనరబుల్ కండిషన్స్'.

కారణం దగ్గర 'మిస్‌కాండక్ట్' అన్న మాట అలాగే ఉంచారు. బాగ్రామ్ సంఘటన, ఆ తర్వాత మొదలైన జబ్బు తప్పుల తీవ్రతని కొంత తగ్గిస్తాయి, పూర్తిగా కాదు అని రాశారు. మొదటిసారి చదివినప్పుడు ఆ 'పూర్తిగా కాదు' దగ్గరే ఆగిపోయాను. లాయరుకి ఫోన్ చేశాను. ఆ ఐదేళ్ల క్లాజు గురించి ఇక భయపడక్కర్లేదన్నారు. కారు పార్కింగ్‌లో ఆపుకుని చాలాసేపు కూర్చున్నాను.

జీఐ బిల్‌కి మాత్రం ఆనరబులే కావాలట. అది రాలేదు.

వేపచెట్టు · 21 సెప్టెంబర్ 2025

కళ్లలో నీళ్లు తిరిగాయండీ. జీఐ బిల్ సంగతి నిజమే, జనరల్‌కి ఇవ్వరు. కానీ మీరు చేరింది టెక్సస్‌లోనే కదా? ఆర్మీలో చేరేనాటికి టెక్సస్ నివాసి అయి ఉంటే హేజల్‌వుడ్ యాక్ట్ చూడండి. అక్కడి ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ అవర్ల దాకా ట్యూషన్ ఉండదు. దానికి జనరల్ డిశ్చార్జి సరిపోతుంది. నర్సింగ్‌కి కూడా. కొత్త డీడీ 214 పట్టుకుని కాలేజీలో వెటరన్స్ ఆఫీసుకి వెళ్లండి, జనవరి సెమిస్టరుకి అందుకోవచ్చు.

హియరింగ్ హక్కు మీకు ఇంకా మిగిలే ఉంది.

రిటైర్డ్_హవల్దార్_గిద్దలూరు · 22 సెప్టెంబర్ 2025

చాలా సంతోషం బాబూ. అమ్మగారికి చెప్పావా?

ఖమ్మం_టు_టెక్సస్ · 24 సెప్టెంబర్ 2025

చెప్పాను బాబాయ్ గారూ, మీరడిగాకే. వీడియో కాల్‌లో మొత్తం చెప్పాను. సంతకం, మోటెల్, గంజాయి అన్నీ. వెనక గోడ మీద ఆ ఫొటో కనబడుతూనే ఉంది. అమ్మ మధ్యలో ఒక్కమాట మాట్లాడలేదు. అయిపోయాక, 'ఆ రోజు నువ్వు మోసినవాళ్లలో బతికినవాళ్లున్నారా?' అని అడిగింది. ఉన్నారమ్మా అన్నాను. 'ఎవరి పిల్లలో' అంది. తర్వాత అన్నం తిన్నావా అని అడిగింది.

హేజల్‌వుడ్ కాగితాలు ఇచ్చాను. హియరింగ్ అడుగుదామనే అనుకుంటున్నాను, కానీ వాళ్లడిగినప్పుడు నవంబర్ 12 గురించి నోటితో చెప్పగలనో లేదో తెలియడం లేదు. రాయడం వేరు, చెప్పడం వేరు.

సార్జెంట్_న్యూజెర్సీ · 24 సెప్టెంబర్ 2025

ఆదివారం సాయంత్రం 6 గంటలకి, మీ టైమే. ప్యాకెట్ ముందు పెట్టుకుని వీడియోలోకి రా. బోర్డు వాళ్లు అడిగినట్టు నేను అడుగుతాను. చెప్పలేకపోతే ఆపేద్దాం, మళ్లీ పై ఆదివారం కూర్చుందాం. నిమ్మతోట గారూ, వీలైతే మీరూ రండి.

నిమ్మతోట · 24 సెప్టెంబర్ 2025

వస్తాను.